ప్రేగులోని వంటయిల్లు

మన యిండ్లలో బిడ్డకు అన్నప్రాశనము చేయునాడు మొట్టమొదట నోటికి తగిలించునది పరమాన్నము. పాలు, బియ్యము, బెల్లము కలిసి ఉడికినది. చుట్టములందఱును చూచుచుండగా ఆ ముద్ద గొంతు దిగినంతనే మన పని తీరినదనుకొందుము. కాని అసలు పని అప్పుడే ప్రారంభమగుచున్నది. పాలలోని చక్కెర గాని, బెల్లములోని చక్కెర గాని, బియ్యములోని పిండి గాని ఉన్నవి ఉన్నట్లుగా నెత్తుటిలో ప్రవేశింపజాలవు. వానిని మిక్కిలి చిన్న తునుకలుగా విడదీసిన గాని అవి యొంటబట్టవు. ఆ కడపటి వంట జరుగుచోటు చిన్న ప్రేగు యొక్క లోపలి గోడ. అచ్చటి వంటవారు ఆ గోడను కప్పియున్న జీవకణములు. ఇంకను విశేష మేమనగా, ఈ వంటవారు తమ కత్తిపీటలను తామే చేసికొందురు. ఆ చేసికొను విధమును గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింపవలెనని తలచితిమి.

ఈ తలంపు మాకు ఊరకే కలుగలేదు. మా పొరుగింట పదునాలుగు నెలల పసిదానికి వాంతులు, విరేచనములు పట్టి, నాలుగైదు దినములకు తగ్గెను. తగ్గినదిగదా యని డబ్బాలో ఆవుపాలు పోసి పట్టగానే మరల నీళ్లవంటి విరేచనములు! ఒకరు దిష్టి యనిరి. ఒకరు తల్లి పాలు చెడినవనిరి. లంఖణము పరమౌషధమని చెప్పి రెండు దినములు ఉత్త నీళ్లతో నుంచుడని మఱియొక పెద్దమ్మగారు పట్టుపట్టిరి. ఆ తల్లి నడుమ కూర్చుండి కన్నీరు పెట్టుకొనుట మేము చూచితిమి. దిష్టి తీయుటవలన బిడ్డకు హాని లేదు గాని, లంఖణమువలన హాని కలదు. ఎందువలననో తెలిసికొనవలెనని మావారు తెచ్చియిచ్చిన శరీరశాస్త్ర గ్రంథములను కొన్ని నెలలు చదివితిమి.

మన పూర్వులు ఈ స్థానమును ఎఱుగనివారు కారు. నాభికి పైగానున్న గ్రహణి జఠరాగ్నికి నెలవనియు, అది అన్నమును పట్టియుంచి పక్వమైన పిదప విడుచుననియు చరకసంహిత చెప్పుచున్నది. సుశ్రుతుడు దానినే పిత్తధర యను ఆఱవ కళగా గణించెను. కళ యనగా పొర. అగ్ని యొక పొరను ఆశ్రయించియున్నదను ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది. అంతమాత్రమున కణముల సంగతియంతయు వారికి తెలియునని మేము వాదింపబోము. సూక్ష్మదర్శిని లేని కాలమువారి నోట నేటి మాటలను పెట్టుట వారికి మనము చేయు గౌరవము కాదు.

పెద్దవారిలో చిన్న ప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు, అనగా 20 అడుగులు. దాని లోపలి వైపు నున్నగా నుండదు. మొదట అడ్డముడుతలు. ఆ ముడుతలమీద మఖమలు గుడ్డకున్న నూగువలె అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వఱకు ఎత్తుగల మొలకలు లెక్కకు మిక్కిలిగా నుండును. వీనికి ఆంత్రచూషకములని పేరు. ఒక్కొక్క చూషకమును ఒకే వరుస కణములు కప్పియుండును. ఒక్కొక్క కణము తలమీద మరల వేలకొలది సూక్ష్మచూషకములు కుంచె వెండ్రుకలవలె నిలిచియుండును. వీని యెత్తు మిల్లీమీటరులో వేయవ వంతు. పాత గ్రంథములలో ఈ తలమంతయు పఱచినచో టెన్నిసు ఆడు మైదానమంత యగునని వ్రాయుచుండిరి. 2014 సం॥న స్వీడను దేశపు శాస్త్రజ్ఞులైన హెలాండరు, ఫాండ్రిక్సు అనువారు మరల కొలిచి, జీర్ణమార్గపు లోతలమంతయు కలిసి 32 చదరపు మీటర్ల ప్రాంతమేయని తేల్చిరి. మైదానము పోయి రెండు మూడు గదులు మిగిలినవి. అయినను ఒక్క మనిషి కడుపులో రెండు మూడు గదుల నేల యిమిడియుండుట తక్కువ వింతయా?

ఈ కణముల ఆయువు మూడు మొదలు ఐదు దినములు మాత్రమే. చూషకముల మొదళ్లయందు సన్నని గుంటలు కలవు. 1745 సం॥న లీబర్‌కూను అను జర్మను వైద్యుడు వర్ణించుటచే అవి ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నవి. కణములు ఆ గుంటలలో పుట్టి, ప్రక్కవానిని త్రోసికొనుచు చూషకపు కొనకు ప్రాకి, అచ్చట రాలిపోవును. ప్రేగు పొర యిట్లు నిత్యము క్రొత్తదగుచుండునని 1948 సం॥న కెనడాలో లెబ్లాండు, స్టీవెన్సు అనువారు తెల్లని యెలుకలయందు చూపిరి. ఆ గుంటల యడుగున నుండి ఎడతెగక పిల్లలను కనుచుండు మూలకణములను 2007 సం॥న నెదర్లాండ్సు దేశమున హాన్స్ క్లెవర్సు బృందమువారు గుర్తించిరి. గుంటలోనున్నంతకాలము కణమునకు బాల్యము. జీర్ణించు పని చేతగాదు. గుంట దాటి చూషకము నెక్కుచుండగా పనిముట్లు సిద్ధమగును. బెల్లపు చక్కెరను విడదీయునది ముందుగను, పాల చక్కెరను విడదీయునది మఱికొంత పైకి పోయిన పిదపను సమృద్ధిగా కనిపించును. ఈ చిన్న భేదమును సోదరీమణులు మనసున నుంచుకొనవలెను. మా పొరుగింటి బిడ్డ కథ దీనిమీదనే ఆధారపడియున్నది.

ఇక పనిముట్ల తయారీ. వీనికి ఎంజైములని పేరు. ఉదాహరణమునకు బెల్లపు చక్కెరను, పిండి తునుకలను విడదీయు సుక్రేజు-ఐసోమాల్టేజు అను జంట ఎంజైమును తీసికొందము. ఇది ఒక ప్రొటీను. అమైనో ఆమ్లములను పూసలు 1827 ఒక దారమున గ్రుచ్చినట్టి గొలుసు. ఏ పూస తరువాత ఏ పూసయో ఆ క్రమమంతయు కణకేంద్రకములోని జన్యువునందు వ్రాయబడియున్నది. మూలగ్రంథమును ఇల్లు దాటనీయక నకలు మాత్రము పంపు జాగ్రత్తపరునివలె, కేంద్రకము జన్యువునకు ఒక నకలు తీసి వెలుపలికి పంపును. రైబోసోములను మిక్కిలి చిన్న కార్ఖానాలు ఆ నకలును చూచుచు పూసలను గ్రుచ్చును. గొలుసు మొదటి భాగముననే అది పోవలసిన చోటును తెలుపు గుర్తు ఉండును. దానినిబట్టి ఆ రైబోసోము అంతర్జీవద్రవ్యజాలమను పొరల చావడికి అతుకుకొని, తయారగుచున్న గొలుసును ఆ పొరలోనికి దోపుచుండును. ఈ గుర్తుల సంగతి కనుగొన్నందులకు గుంటర్ బ్లోబెల్ అను శాస్త్రజ్ఞునకు 1999 సం॥న నోబెలు బహుమాన మొసగబడినది.

గొలుసు ఇంకను పూర్తి కాకమునుపే దానికి చక్కెరలు తగిలింపబడును. చక్కెరను కోయు కత్తికి చక్కెరతోనే పిడి చేయుట! ఇట్లు చక్కెర తగిలిన ప్రొటీనునకు గ్లైకోప్రొటీను అని పేరు. 14 చక్కెరలు గల యొక గెల ముందుగానే పొరలో సిద్ధముగా నుండును: అడుగున రెండు గ్లూకోసమైనులు, నడుమ తొమ్మిది మానోజులు, కొసన మూడు గ్లూకోజులు. గొలుసులో ఆస్పరాజిను అను పూస తగిన పొరుగుతో వచ్చినచోట నెల్ల ఈ గెల మొత్తముగా అతికింపబడును. తరువాత కొసనున్న గ్లూకోజులు ఒక్కటొక్కటిగా త్రుంచబడును.

ఈ త్రుంచుటలో పరీక్ష యిమిడియున్నది. సంతలో కుండ కొనునపుడు మనము వ్రేలితో కొట్టి, మ్రోతను విని, బీటలున్నవేమో చూతుముగదా. ఇచ్చటను అట్టి యేర్పాటు కలదు. ఒక్క గ్లూకోజు మిగిలియున్నంతవఱకు కాల్‌నెక్సిను అను కాపరి ఆ గొలుసును పట్టుకొని సరిగా ముడుచుకొనుటకు తోడ్పడును. కడపటి గ్లూకోజు త్రుంచబడినపుడు అది విడిపడును. అప్పుడు మఱియొక ఎంజైము వచ్చి తడవి చూచును. ముడుపు సరిగా కుదిరినదా, ముందుకు పోవచ్చును. కుదరలేదా, గ్లూకోజు నొకదానిని మరల తగిలించి కాపరి యొద్దకే త్రిప్పి పంపును. ఎన్ని మారులు చేసినను కుదరనిదానిని కణము వెలికి లాగి ముక్కలు చేసివేయును. లోపము గల పనిముట్టును అంగడికి పంపని ఈ నియమము మన బజారులలోను ఉన్న ఎంత బాగుండును!

పరీక్ష గెలిచిన గొలుసు గాల్జీ సంక్లిష్టమునకు చేరును. ఇటలీ దేశపు కమిల్లో గాల్జీ 1898 సం॥న దీనిని కనుగొనెను. పళ్లెములు పేర్చినట్లుండు ఈ పొరలలో మానోజులు కొన్ని తొలగింపబడి, గాలక్టోజు, ఫ్యూకోజు, సయాలిక్ ఆమ్లము మొదలైనవి చేర్చబడును. వేఱు పూసలమీద వేఱు తీరుగా మఱికొన్ని చక్కెర కొమ్మలు మొలిపింపబడును. సుక్రేజు విషయమున ఈ రెండవ తీరు కొమ్మలే పై యంచునకు పోవలసినదను చిరునామాగా పనిచేయును. ఇది చాల ముఖ్యము. ఏలయన, కణమునకు పై యంచు ప్రేగు లోపలివైపు, అడుగు నెత్తుటివైపు. కత్తి నెత్తుటివైపు పోయిన నేమి ప్రయోజనము? గాల్జీ నుండి చిన్న తిత్తులలో బయలుదేరి సూక్ష్మచూషకముల పొరలో నాటుకొనుటతో, మొదటినుండి తుదివఱకు ఒకటి రెండు గంటల పని ముగియును.

నాటుకొన్న పిదపను ఒక సంస్కారము మిగిలియున్నది. క్లోమమునుండి వచ్చు ట్రిప్సిను ఆ పొడవైన గొలుసును ఒకచోట తెగగొట్టును. తెగిన రెండు భాగములు విడిపోక ఒకదానినొకటి అంటిపట్టుకొనియే యుండును. ఐసోమాల్టేజు పొరలో వ్రేళ్లూని నిలుచును. సుక్రేజు దానిని ఆనుకొని యుండును. ఇచ్చట మాకొక సందేహము కలిగెను. ట్రిప్సిను మాంసమునే జీర్ణించునదిగదా, ఈ ఎంజైమును మాత్రము ఒక్క కోతతో ఏల విడిచిపెట్టును? చక్కెర కొమ్మలే కారణము. అవి చుట్టును కంచెవలె క్రమ్ముకొని, కోయు ఎంజైములను ప్రొటీను గొలుసుదాక రానీయవు.

ఈ చక్కెర కొమ్మలయందే మన నెత్తుటి వర్గపు గుర్తులును కలవు. ఏ వర్గము, బి వర్గము అని మనము నెత్తురును గూర్చి చెప్పుకొను భేదము నిజముగా చక్కెరల కొసలలోని భేదమే. చాలమందికి ఆ గుర్తులే ప్రేగు కణముల గ్లైకోప్రొటీనులమీదను ఉండును. వాంతులు, విరేచనములు కలిగించు నోరోవైరసు ఆ కొసలను పట్టుకొనియే ప్రవేశించును. జన్మతః ప్రేగులో ఆ గుర్తులు లేనివారికి ఆ వైరసు తెగలలో చాలవఱకు సోకవు. ఒక యింట నలుగురు పడకవేయగా ఐదవవారు నిక్షేపముగా తిరుగుచుండుట కొన్ని యెడల ఇందువలననే.

కణములు చేయు పనిముట్లు ఇంకను పెక్కు కలవు. పాల చక్కెరకు లాక్టేజు, ప్రొటీను తునుకల కొసలు కోయుటకు అమైనో పెప్టిడేజులు, ఇట్లు చాల. వీనిలో ఎంటరోకైనేజు కథ ముచ్చటైనది. క్లోమము ట్రిప్సినును ఒరలోని కత్తివలె పనిచేయని రూపమున పంపును. ప్రేగు చేరిన పిదప దాని ఒర తీయునది ఎంటరోకైనేజు. రష్యాలో పావ్లోవు గారి ప్రయోగశాలయందు షెపోవాల్నికోవు 1899 సం॥న దీనిని బయలుపఱచెను. చాలకాలము వఱకు ఈ ఎంజైములన్నియు ప్రేగు రసములో కలిసి పాఱుచుండునని తలచిరి. అవి పొరనంటియే పనిచేయునని 1960 ప్రాంతమున రష్యాలో ఉగోలెవు, అమెరికాలో క్రేను మొదలైనవారు నిరూపించిరి.

ఇక తప్పిన పనిముట్ల మాట. తల్లిపాలు త్రాగినంతకాలము చక్కగా పెరిగిన బిడ్డ, బెల్లము గాని పంచదార గాని నోటబడిననాటినుండి కడుపుబ్బరము, నీళ్ల విరేచనములతో చిక్కిపోవుట అరుదుగా నుండును. తల్లిపాలలో ఆ చక్కెర లేదు గనుక అంతవఱకు లోపము బయటపడదు. 1960 సం॥న నెదర్లాండ్సు వైద్యులు ఇది సుక్రేజు లోపమని తెలిపిరి. తరువాత తెలిసిన విచిత్రమేమనగా, ఈ బిడ్డలలో కొందఱి కణములు ఎంజైమును చేయకపోలేదు. 1827 పూసలలో 1098వ చోట గ్లూటమిను ఉండవలసియుండగా ప్రోలీను పడుటచే ముడుపు కుదరక, గొలుసు గాల్జీ ముంగిటనే నిలిపివేయబడినది. ఒక్క పూస! మనమేమో తల్లి గర్భముతో నుండగా తిన్నదానిని, త్రొక్కినదానిని తప్పుపట్టుదుము. గ్రీన్‌లాండు దేశపు ఇన్యూట్ జనులలో ఈ లోపము తక్కిన లోకమునకంటె చాల హెచ్చు. తరతరములుగా చేపలు, సీలు మాంసము తినినవారికి చక్కెర కోయు కత్తి లేకున్నను లోటు తెలియలేదు; అంగడి పంచదార వచ్చిన పిదప తెలిసినది.

లాక్టేజు సంగతి దీనికి భిన్నము. ఇది బాల్యమున నిండుగా నుండి, పాలు మాన్పిన పిదప లోకములో మూడింట రెండువంతుల జనమునకు తగ్గిపోవును. అది జబ్బు కాదు. పెద్దయైనను తగ్గని యొక జన్యుభేదమును 2002 సం॥న ఫిన్లాండువారు కనుగొనిరి. ఆ భేదమే మన దేశమునను కలదనియు, వాయవ్యమున హెచ్చుగానుండి దక్షిణ తూర్పుల వైపు వచ్చుకొలది తగ్గుననియు 2012 సం॥న ప్రకటితమైనది. మనవైపు పెద్దవారు పలువురు పచ్చిపాలకంటె పెరుగు, మజ్జిగ కడుపునకు హాయి యనుట చాదస్తము కాదు. తోడు వేసిన పాలలోని సూక్ష్మజీవులు పాల చక్కెరను కొంత తినివేయుటయేగాక, తమ ఎంజైమును మన ప్రేగులోనికి తెచ్చును.

మధుమేహము గలవారున్న యిండ్లకు ఒక ముక్క. వోగ్లిబోసు, అకార్బోసు అను మాత్రలు పనిచేయునది ఈ సుక్రేజు జాతి ఎంజైములమీదనే. వానిని అడ్డగించి, అన్నములోని పిండి నెమ్మదిగా కరగునట్లు చేయును. ఇన్సులినుతో గాని, గ్లైమిపిరైడువంటి మాత్రతో గాని కలిపి వీనిని వాడువారికి నెత్తుటి చక్కెర హఠాత్తుగా పడిపోయి చెమటలు, వణకు వచ్చినపుడు, మనము పరుగెత్తి పంచదార నోట పోయుదుము. కోయు కత్తులు కట్టివేయబడియుండుటచే అది త్వరగా పనికిరాదు. గ్లూకోజు పొడి నీటిలో కలిపి యియ్యవలెను, దానిని కోయనక్కఱలేదు. తెలివి తప్పినవారికి మాత్రము నోట ఏమియు పోయరాదు. వెంటనే వైద్యుని పిలువవలెను. ఈ మాత్రలు వాడువారింట గ్లూకోజు పొట్లము అందుబాటున నుంచుకొనుట మంచిది.

మా పొరుగింటి బిడ్డ యొద్దకు వత్తము. విరేచనముల వ్యాధి చూషకముల కొనలను రాల్చివేయును. లాక్టేజు నిండుగానుండునది పైభాగమున గనుక మొదట పోవునదియు, కడపట వచ్చునదియు అదియే. అందుచే ఆవుపాలలోని చక్కెర విడిపోక ప్రేగులో నిలిచి, నీటిని లాగి, మరల విరేచనములగును. దిష్టియు కాదు, తల్లి పాల దోషమును కాదు. గుంటలలోని మూలకణములు క్రొత్త కణములను పంపుచునేయున్నవి. వానికి తిండి కావలెను. ప్రేగు కణములు తమ గాసములో పెద్ద భాగమును నెత్తుటినుండి గాక, ప్రక్కనుండి పోవు అన్నమునుండియే తీసికొనును. కడుపు మాడ్చినకొలది చూషకములు పొట్టివగును. లంఖణము వలదనుట ఇందుచేతనే.

నీరు పోయినచోట నీరు నింపుటకును ఈ కణముల గ్లైకోప్రొటీనొకటి తోడ్పడుచున్నది. ఒక గ్లూకోజును, రెండు సోడియములను జతగా పట్టి లోనికి తెచ్చు ద్వారమది. వాని వెంట నీరు వచ్చును. ఈ జత సంగతి 1960 సం॥న ప్రేగు నగరమున జరిగిన సభలో క్రేను ప్రకటించెను. మన ప్రేగు కాదు సుమా, ఐరోపాలోని ప్రేగు! 1971 సం॥న తూర్పు బెంగాలునుండి శరణార్థులు తరలివచ్చినపుడు బనగావ్ శిబిరమున కలరా చెలరేగగా, సెలైను సీసాలు చాలక వైద్యుడు దిలీప్ మహలనబీసు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగింపించెను. నూటికి 30 వఱకున్న మరణములు 4కు లోబడినవి. ఆయన 2022 సం॥న గతించిన పిదప 2023లో పద్మవిభూషణ బిరుదము ప్రకటింపబడినది. నేటి పొట్లములో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు, ఇది సరిగా ఒక లీటరు నీటికి. అర గ్లాసులో కలుపుట, ఇంకొంత పంచదార జేర్చుట కూడదు.

వైద్యుడు ఆ బిడ్డకు ఈ నీటిని, పదునాలుగు దినములు జింకు మందును వ్రాసి, తల్లిపాలు ఎప్పటివలె ఈయుమనెను. డబ్బా పాలు కొన్నాళ్లు ఆపి, మెత్తగా పిసికిన పెరుగన్నము, పెసరపప్పు కట్టు, అరటిపండు పెట్టుమనెను. పెద్దమ్మగారు రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు ఆమెయే గిన్నెలో పెరుగన్నము కలిపి తెచ్చిరి. మూడు వారములకు మరల కొంచెము కొంచెముగా ఆవుపాలు పట్టి చూడగా విరేచనములు కాలేదు. ఇప్పుడా పిల్ల మా యింటికి వచ్చి మజ్జిగ గ్లాసు తానే యెత్తి త్రాగుచున్నది. సగము గౌనుమీద పోసికొనుచున్నది.